అంకాలమ్మ గారి జడకుచ్చులు

“ఈ తొట్లలో దోమలు గుడ్లు పెట్టవని మీరు రాసిస్తారా? రేపు మా పాపకి డెంగ్యూ వస్తే ఎవరండీ చూసేది?”

కింది వాటాలో ఉండే అంకాలమ్మ గారితో నేను మాట్లాడిన మొదటి మాటలు ఇవే. భవానీపురంలో ఆ ఇంటి మొదటి అంతస్తులో మేం దిగి అప్పటికి నాలుగు రోజులైంది. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. ప్రహరీగోడ పక్క సందులో, సరిగ్గా మా పడకగది కిటికీ కింద, మూడు నీళ్ళ తొట్లు వరసగా ఉన్నాయని మాత్రం తెలుసు.

ఆవిడ చిన్న ముక్కాలి పీట మీద కూర్చుని, తడిసిన నల్ల జడకుచ్చు ఒకటి వేళ్ళతో పాయలు పాయలుగా విడదీసి వెలుతురుకు పెట్టి చూస్తున్నారు. నా వైపు చూడనైనా లేదు.

“వల కప్పి ఉంది కదమ్మాయ్. నలభయ్యేళ్ళు చేపలతో బతికినదాన్ని, దోమని రానిస్తానా? నీ పేరేంటి?”

“బ్లెస్సీ.”

“పాపది?”

“జెస్సికా.”

“తీసుకురా, చేపల్ని చూసుద్ది.”

“వద్దులెండి, దానికి జలుబు చేసింది,” అని పైకి వచ్చేశాను. జలుబూ లేదు, ఏమీ లేదు.

నేను మైక్రోబయాలజీ చదివాను. పటమటలో ఒక ల్యాబ్‌లో ఆరేళ్ళు పనిచేశాను. రోజుకు ముప్పై నలభై రక్తపు స్లైడ్లు, జ్వరాల కాలమైతే వందకు తగ్గవు. రోజంతా మైక్రోస్కోపులో జబ్బుల్ని చూసేదానికి ఇంటికొచ్చినా అవే కనిపిస్తాయని మా ఆయన పాల్ ఎగతాళి చేసేవాడు. జెస్సికా పుట్టాక ఎగతాళి మానేశాడు. అది నెలలు నిండకుండా ముప్పై మూడో వారంలో పుట్టింది. పదకొండు రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. అద్దానికి ఇవతల నిలబడి దాని పొట్ట లేచి పడటాన్ని లెక్కపెట్టడం తప్ప నాకు వేరే పని ఉండేది కాదు. ఇప్పుడు దానికి రెండేళ్ళు దాటాయి, గెంతుతుంది, అరుస్తుంది, బరువు కూడా వయసుకు తగ్గట్టే ఉంది. అయినా నా లెక్క ఆగలేదు. ఎన్ని స్పూన్లు తింది, ఎన్నిసార్లు తుమ్మింది అన్నీ నోట్‌బుక్‌లో రాసేదాన్ని. పటమట నుంచి ఆదివారాలు మా అత్తయ్య సంపూర్ణమ్మ గారు వస్తే పాపను ఎత్తుకోనిచ్చేదాన్ని గానీ, అన్నం మాత్రం నేనే కలిపి నేనే పెట్టాలి. ఆవిడ గిన్నె వంక ఒకసారి చూసి, కొంగుతో చేతులు తుడుచుకునేవారు.

ఇక అంకాలమ్మ గారి సంగతి. ఇందులో చాలా భాగం నాకు తరవాత తెలిసింది, కొంత ఆవిడ చెప్పగా, కొంత ఆవిడ మీద కోపమొచ్చినవాళ్ళు చెప్పగా.

ఆవిడది బందరు అవతల సముద్రపు ఒడ్డున పల్లెపాలెం. పదిహేనేళ్ళకే తల్లి వెనక చేపల గంప ఎత్తుకుని మొదటి బస్సు ఎక్కేవారట. చేపల మీద ఐసు పోసే బండి నడిపే మనిషిని పెళ్ళి చేసుకుని బెజవాడ వచ్చారు. అక్కణ్ణించి నలభయ్యేళ్ళు చేపల మార్కెట్లో, తడి గోనెపట్టా మీద, కత్తిపీట ముందు. ఇద్దరు పిల్లలూ ఆ గంపల మధ్యే పెరిగారు. కొడుకు గంగాధర్ రొయ్యలమ్మే ఆవిడ పక్కన నిద్రపోయేవాడు. కూతురు బయట పూలకొట్టులో ఆడుకునేది. “ఏ ఇంటి అన్నం తిన్నారో సాయంత్రం నోరు వాసన చూస్తే గానీ నాకు తెలిసేది కాదు,” అంటారు. గంగాధర్ ఇప్పుడు కైకలూరులో చేపల ప్యాకింగ్ పని చేస్తున్నాడు, కూతురు గుడివాడలో కాపురముంది. భర్త పోయారు. ఆ గోనెపట్టా తడికి ఆవిడ మోకాళ్ళు పోయాయి. అయిదేళ్ళ కిందట కత్తిపీట పక్కన పెట్టేశారు.

చేపను చూసి అది ఎన్నడు నీళ్ళు వదిలిందో చెప్పగలిగిన మనిషి బతికున్న చేపలు పెంచడం మొదలుపెట్టింది మాత్రం ఒక వెక్కిరింత వల్ల. యేసుకుమార్ అని, మా వీధి చివర ఆయనకు అక్వేరియం కొట్టు ఉంది. తన పెద్ద చేపల మేతకు చిన్న రొయ్యలు అంకాలమ్మ గారి దగ్గరే కొనేవాడు. ఆవిడ మార్కెట్ మానేశాక ఒక మధ్యాహ్నం ఎండకు ఆగలేక ఆ కొట్టులో ఫ్యాను కింద కూర్చున్నారు. మూలనున్న తొట్టిలో ఏడు చేపలు, రేకుముక్కల్లా తెల్లగా, ఏ రంగూ లేకుండా తిరుగుతున్నాయి.

“అయ్యి రెయిన్‌బోలండి. బొమ్మలో చూస్తే ముందు నీలం, ఎనక నారింజ. నాకొచ్చినయ్యి ఇట్టా ఏడ్చినయ్యి. ఒక్కడూ కొంటల్లా. జబ్బేమో, పారేద్దామనుకుంటున్నా.”

ఆవిడ అద్దం దగ్గరికి వంగి చూశారు. “జబ్బు లేదు, పాడూ లేదు. కళ్ళు తేటగా ఉన్నాయి, మొప్పలు సమంగా ఆడతన్నాయి. ఇయ్యి పసిపిల్లలయ్యా. పసిపిల్లల్ని తెచ్చి మీసాలు రాలేదని ఏడిస్తే ఎట్టా?”

“అయితే మీరే పెంచండి పిన్నిగారూ. మీసాలొచ్చినాక నాకు చూపియ్యండి.”

ఏడింటినీ కవర్లో నీళ్ళు పోసి చేతికిచ్చాడు. రెండు చచ్చిపోయాయి. మిగిలిన అయిదూ రేకుల్లాగే అయిదారు నెలలు తిరిగాయి. ఆ తరవాత ఒక ఉదయం, అప్పుడే సందులోకి ఎండ దిగుతుంటే, నాలుగు మగచేపలు రెక్కలు విప్పి ఒకదానికొకటి ఎదురు నిలబడ్డాయట. ముందు సగం ఉక్కు నీలం, వెనక సగం బాగా పండిన బొప్పాయి రంగు. అయిదోది ఆడది, దానికి అంత సింగారం లేదు, తెలుపు మీద కాస్త పసుపు జీర. ఆవిడ యేసుకుమార్‌ని పిలిపించి చూపించారు. “మీసాలు,” అన్నారు. అతను తొట్టి పక్కనే గొంతుక్కూర్చుండిపోయాడట.

నీళ్ళ విషయంలో ఆవిడకు ఎవరూ ఏమీ నేర్పలేదు. కొళాయి నీళ్ళు ఒక రోజంతా బకెట్లో ఉంచి మందు వాసన పోనిస్తారు. అందులో సగానికి సగం బోరు నీళ్ళు కలుపుతారు. మా జుట్టు ఊడగొట్టి, బకెట్లకు తెల్లగా అట్టలు కట్టే ఆ ఉప్పు నీళ్ళే ఈ చేపలకు పడతాయి. కలిపాక ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూస్తారు. అది చూసి నాకు ఒళ్ళు జలదరించింది. తరవాత్తరవాత నా దగ్గరున్న, నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు పెట్టి చూస్తే, ఆవిడ నాలిక ఏ రోజూ పెద్దగా తేడా రాలేదు.

ఈ చేపలు గుడ్లు సన్నటి నాచు వేళ్ళలో పెడతాయి. ఊలు దారాలు వేలాడదీసినా సరిపోతుందని యేసుకుమార్ చెప్పాడు. ఊలు ఎందుకు, కూతురి పెళ్ళినాటి జడకుచ్చులు పెట్టెలో ఉన్నాయి కదా అనుకున్నారీవిడ. రంగు దిగడం ఆగేదాకా వాటిని ఉడకబెట్టి, ఉతికి, థర్మోకోల్ ముక్కకు కట్టి తొట్లో వదిలారు. నల్ల దారాల మీద గుడ్లు ఆవగింజ కంటే చిన్నవి, గాజుపూసల్లా మెరుస్తుంటాయి. తెల్లబడితే చచ్చినట్టు, గోటితో తీసెయ్యాలి. ఎనిమిది తొమ్మిది రోజులకు పిల్లలు బయటికొస్తాయి. కానీ వాటి నోరెంత? మనం పొడి చేసి వేసే మేత ఎంత మెత్తగా ఉన్నా ఆ నోట్లో పట్టదు. ఏడాదిపాటు ప్రతి ఈతా నాలుగో రోజుకో అయిదో రోజుకో పోయింది. చివరికి ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ళు పోయడం మొదలుపెట్టారు. గడ్డినీళ్ళలో కంటికి కనపడని జీవులు పుడతాయని నేను కాలేజీ ప్రాక్టికల్స్‌లో చదివి మార్కులు తెచ్చుకున్నాను. వాటిని ఎవరికైనా తినిపించవచ్చని నాకు తోచలేదు.

నిరుడు ఆగస్టులో ఆ ఒక్క ఆడచేప వల సందులోంచి ఎగిరి గచ్చు మీద పడి చనిపోయింది. అప్పటికి దాని గుడ్లు ఒక జడకుచ్చు నిండా ఉన్నాయి. అవే ఆఖరివి. అంకాలమ్మ గారు ఆ జడకుచ్చును కత్తిరించి రెండు చేశారు. ఒక సగం తన చివరి తొట్లో విడిగా వేసుకున్నారు. రెండో సగాన్ని తడిగుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి, ఇబ్రహీంపట్నంలో ఉండే సీతమ్మకు పంపించారు. సీతమ్మ ఒకప్పుడు మార్కెట్లో ఆవిడ పక్క కత్తిపీట. సీతమ్మకు చేపలు పెంచే సరదా ఏమీ లేదు. మరి ఎందుకు పంపినట్టు అని యేసుకుమార్ అడిగితే, “పాలు తోడేసినాక పక్కింటామెకి కాస్త పెరుగు ఇస్తామా లేదా? మనది విరిగిననాడు ఆమె దగ్గర తెచ్చుకోటానికి,” అన్నారట.

ఈసారి తొట్లోని పిల్లలు అయిదో రోజు దాటాయి. పదో రోజు దాటాయి. పన్నెండో రోజున నేను చంపేశాను.

ఆ రోజు అంకాలమ్మ గారు మోకాలి ఇంజెక్షన్‌కు వెళ్ళారు. గాలికి చివరి తొట్టి వల ఒక మూల లేచి ఉండటం కిటికీలోంచి చూశాను. పాపను చంకనేసుకుని కిందికి పరిగెత్తాను. వల ఎత్తి చూస్తే, నీటి పైపొరకు అంటుకున్నట్టుగా, వెంట్రుక ముక్కల్లాంటివి ముప్పై దాకా కదులుతున్నాయి. మామూలు దోమపిల్లలు నీళ్ళలో తలకిందులుగా వేలాడతాయి. మలేరియా దోమ పిల్లలు మాత్రం నీటికి సమాంతరంగా పడుకుంటాయి. ఇవి సమాంతరంగా ఉన్నాయి! అనాఫిలిస్ అని అక్కడికక్కడే తేల్చేశాను, మంచి స్లైడు దొరికినప్పుడు కలిగే ఆ చిన్న గర్వం కూడా కలిగింది. మందులు కొట్టడం నాకిష్టం లేదు, పాప ఉంది కదా. నీటి మీద నూనె పొర వేస్తే వాటికి ఊపిరి ఆడదు. పైకెళ్ళి కొబ్బరినూనె తెచ్చి, కొలిచి మూడు స్పూన్లు పోశాను.

నాలుగు గంటలకు సందులో చప్పుడైతే పాపను ఎత్తుకుని దిగాను. అంకాలమ్మ గారు తొట్టి పక్కన నిలబడి ఉన్నారు. నేను ఇంకా మెట్ల మీదే ఉన్నాను, సంతోషంగానే చెప్పాను. “నేనే పోశానండీ. దోమపిల్లలు బాగా ఉన్నాయి, మలేరియావి.”

ఆవిడ నీటి మీద వేలు ఆనించి వాసన చూశారు.

“కొబ్బరినూనె.”

“అవునండీ, దానివల్ల ఎవరికీ హాని లేదు.”

“ఇయ్యి నా చేప పిల్లలమ్మాయ్.”

చేపలమ్మిన నోరు, వీధంతా వినపడేలా తిడతారని నిలబడ్డాను. తిట్టలేదు. పీట జరుపుకుని, దాని మీద కూర్చోవడానికి మోకాలు వంగక గోడ పట్టుకుని అలాగే ఆగిపోయారు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. అడుగున తెల్లగా పేరుకున్న వాటిని ఇద్దరం చూశాం. ఒక్కటీ కదల్లేదు.

“యేసుకుమార్ గారితో చెప్పి చెన్నై నుంచి తెప్పిస్తానండీ, జతలు జతలు...”

“అయ్యి చెన్నై చేపలు. ఇయ్యి దాని పిల్లలు.” గచ్చు మీద పడి పోయిన ఆడచేప గురించే ఆవిడ అంటున్నది. ఆవిడే మళ్ళీ, “తలకి పెట్టుకునే నూనేనా? ఎతికి మంచిదే పోశావు,” అన్నారు. నాకు ఏడుపొచ్చింది. జెస్సికా నా బుగ్గ మీద చెయ్యి పెట్టి చూసింది.

ఆవిడ ఫోను తీసి నా చేతికిచ్చి సీతమ్మ నంబరు కలపమన్నారు. స్పీకరు పెట్టాను.

“ఒసే సీతా, నేను పంపిన జడకుచ్చు ఏం చేశావే?”

“నాకు జడే లేదు ఒదినా, జడకుచ్చు ఎందుకు పంపావు?”

“చేప గుడ్లే! టిఫిను డబ్బాలో పంపలా?”

“ఓ, అదా. పాక ఎనకాల అంచు పగిలిన కుండీలో పడేశా. మళ్ళీ దాని మొహం చూడలా.”

“పిల్లలున్నాయా?”

“నా కళ్ళకి గేదే సరిగ్గా కనపడట్లా, నీ చేప పిల్లలేం కనపడతయ్యి? ఆ గేదె మాత్రం ఆ కుండీ తాగాలని ఒకటే గోల. తడిక అడ్డం పెట్టా, రోజూ కుమ్ముతానే ఉంది.”

ఫోను పెట్టేశాక సందులో ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గంగాధర్ ఆదివారం దాకా రాడు. ఆవిడ బస్సు ఎక్కలేరు. నాకు స్కూటీ ఉంది.

“రేపు పొద్దున్నే నేను వెళ్తానండీ,” అన్నాను.

“పాపో?”

పాల్ ఉద్యోగం గుంటూరులో, ఏడింటికే వెళ్ళిపోతాడు. పాపను ముందు నిలబెట్టుకుని, కాళ్ళ మధ్య నీళ్ళ క్యాను పెట్టుకుని హైవే మీద రావడం కుదరదు. జెస్సికా పుట్టాక అది నా కంటికి కనపడకుండా ఒక గంట కూడా ఉండలేదు. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. నేనే అడగాల్సి వచ్చింది.

“మీ దగ్గర ఉంచనా?”

“నా చేపల్ని నీకు ఇస్తన్నానుగా, నీ పాపని నాకియ్యి,” అన్నారు.

మర్నాడు ఒక పేజీ నిండా జాగ్రత్తలు రాసి ఇచ్చాను. ఎన్నింటికి పాలు, ఎంత వేడి నీళ్ళు, దగ్గితే ఏం చెయ్యాలి. “నాకు చదువు రాదమ్మాయ్,” అని ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేపల మేత డబ్బా కింద పెట్టారు. మూతున్న పాల క్యాను ఒకటి చేతికిచ్చి, “తిరిగొచ్చేప్పుడు అంచు దాకా నింపు. సగం పోస్తే కుదుపుకి నీళ్ళు కొట్టి చంపేస్తయ్యి. నిండు కుండ తొణకదని ఊరికే అన్లా,” అన్నారు. జెస్సికా నేను వెళ్తుంటే ఏడ్చింది. మలుపు తిరిగేదాకా వినపడింది.

గొల్లపూడి దాటేలోపు రెండుసార్లు బండి ఆపి ఫోన్ చేశాను. ఇబ్రహీంపట్నం చేరాక మళ్ళీ చేశాను. మొదటిసారి “ఏడుపు ఆపింది,” అన్నారు. రెండోసారి “ఆడుకుంటంది,” అన్నారు. మూడోసారి ఎత్తలేదు. వెంటనే మళ్ళీ కలిపాను. నాలుగోసారి ఎత్తి, “పిల్ల చేతిలో మేత డబ్బా ఉంది, నా చేతిలో పిల్ల ఉంది, ఫోను దేంతో ఎత్తమంటావు?” అన్నారు.

సీతమ్మ గారు సంగతంతా అప్పటికే ఫోన్లో విన్నట్టున్నారు, వాకిట్లోనే కూర్చుని ఉన్నారు. “నూనె పోసిన చదువుకున్నామె నువ్వేనా? రా, మా పప్పులోకి కూడా కాస్త పోసిపో,” అని లోపలికి తీసుకెళ్ళారు.

పాక వెనక కుండీలో నీళ్ళు పచ్చగా, పాలకూర ఉడికించినట్టున్నాయి. తడిక ఒరిగిపోయి ఉంది. నీళ్ళు అంచుకు జానెడు దిగువన ఉన్నాయి, గేదె ఎంత తాగిందో తెలియదు. ఆ చిక్కదనంలో ఏం బతుకుతుందిలే అనిపించింది. మోకాళ్ళ మీద కూర్చుని నీడ పడకుండా వంగాను. మొదట కనిపించినవి నిజమైన దోమపిల్లలు. నా నీడ కదలగానే మెలికలు తిరిగి అడుగుకు పోయాయి. ఆ తరవాత, నీటి పైపొర కింద, ఒక వెంట్రుక ముక్క. అది పారిపోలేదు. సూదిగా ముందుకు జరిగి, ఆగి, మళ్ళీ జరిగింది. రెండు నల్ల చుక్కల్లాంటి కళ్ళున్నాయి. ఇంత తేడాను నేను నిన్న ఎలా చూడలేకపోయాను? రెంటినీ పక్కపక్కన ఎప్పుడూ చూడలేదు కదా.

లెక్కపెట్టాను. పదకొండు. అంకాలమ్మ గారి తొట్లో పిల్లల కంటే ఇవి పొడవు. ఎవరూ శుభ్రం చెయ్యని ఆ పచ్చనీళ్ళ నిండా వాటికి కావలసిన తిండే ఉంది. ల్యాబ్‌లో రక్తం చుక్కలు తీసిన చెయ్యి కదా, ఈ పని దానికి అలవాటే. చిన్న కప్పు నీళ్ళలో ముంచి, ఒక్కోదాన్ని దానంతట అది లోపలికి వచ్చేదాకా ఆగి, క్యానులోకి వంపాను. ఆరో పిల్ల క్యానులో పడేసరికి సీతమ్మ గారు నా భుజం తట్టారు.

“ఇంక చాలు. మిగతాయి ఇక్కడే ఉంచు.”

“అన్నీ తెమ్మన్నారండీ.”

“ఒదిన అనదు ఆ మాట. ఫోన్ చేసి అడుగు.”

అడిగాను. “అదేంది, అన్నీ తెస్తే తోడెక్కడుంటది?” అన్నారు అంకాలమ్మ గారు. వెనక జెస్సికా నవ్వుతున్న చప్పుడు వినిపించింది. పాప ఏం తిన్నదని అడగబోయాను. ఫోను పెట్టేశారు.

నేను తడికను రెండు రాళ్ళతో గట్టిగా బిగించి, క్యానును అంచు దాకా నింపుకుని బయల్దేరాను. దారిలో బండి ఒక్కసారి కూడా ఆపలేదు.

ఇంటికొచ్చేసరికి జెస్సికా సందులో తొట్టి పక్కన గొంతుక్కూర్చుని, మగచేపలను చూస్తూ నోరు వాటిలాగే తెరిచి మూస్తోంది. తలకు నూనె, నుదుటన జుట్టు రబ్బరు బ్యాండుతో పైకి కట్టి ఉంది. మూతి చుట్టూ ఎర్రగా ఏదో ఎండిపోయింది.

“ఏం పెట్టారండీ?”

“నేను తిన్నదే.”

అది టమాటా పులుసు. అందులో ఎండు రొయ్యలు కూడా ఉన్నాయి. రొయ్యలు పడతాయో లేదో అని ఏడాదిగా భయపడుతున్నాను. సాయంత్రం దాకా దాని చర్మం మీద దద్దుర్ల కోసం వెతుకుతూనే ఉన్నాను. ఏమీ రాలేదు. పడుకోబోయే ముందు అది “చేప” అంది. అంతవరకు దానికి రాని మాట.

ఆరింటిలో ఒకటి మొదటి రోజే పోయింది. అయిదు నిలిచాయి. అంకాలమ్మ గారు ఇప్పుడు గడ్డినీళ్ళతో పాటు ఇబ్రహీంపట్నం కుండీ నుంచి ఒక సీసాడు పచ్చనీళ్ళు కూడా తెప్పించుకుంటారు, తెచ్చేది నేనే. సంక్రాంతి వెళ్ళింది, అవి రేకుల్లాగే ఉన్నాయి. యేసుకుమార్ వచ్చి చూసి ఈసారి నోరు మూసుకుని వెళ్ళాడు. మార్చి నెలలో ఒక ఉదయం జెస్సికా సందులోంచి కేకలు పెడుతుంటే దిగి చూశాను. ఒకదాని తోక దగ్గర బొప్పాయి రంగు, వేలు ముంచి రాసినంత. ఏప్రిల్‌కు మూడు మగవీ, రెండు ఆడవీ అని తేలింది. సీతమ్మ గారి కుండీలోవి నాలుగు బతికాయి. పెద్దవయ్యాక దోమపిల్లల్ని అవే తింటున్నాయని, గేదె మాత్రం ఇంకా అలిగే ఉందని ఆవిడ చెప్పారు.

కిందటి నెలలో జడకుచ్చు మీద మళ్ళీ గాజుపూసలు మెరిశాయి. అంకాలమ్మ గారు కత్తెర నా చేతికే ఇచ్చారు. మూడు ముక్కలు చేశాం. ఒకటి సీతమ్మ గారికి, ఒకటి యేసుకుమార్ కొట్టుకు, ఒకటి మా ఇంట్లో కొత్తగా పెట్టిన తొట్టికి. ఇబ్రహీంపట్నం ముక్కను తడిగుడ్డలో చుడుతూ, ఆ రోజు ఫోన్ల మీద ఫోన్లు చేశానని గుర్తొచ్చి అడిగాను.

“మీరు సీతమ్మ గారికి మూడు వారాలు ఒక్క ఫోనైనా చెయ్యలేదు కదండీ. భయం వెయ్యలేదా?”

“ఎందుకెయ్యదు? ఏసింది. నా పిల్లల్ని పూలకొట్టులో ఒదిలినప్పుడూ ఏసేది. అయితే ఏం, బేరాలు మానుకుని ఎన్నిసార్లు లేచెళ్ళి చూస్తా?” డబ్బా మూత నొక్కి నా చేతిలో పెట్టారు. “చూడమ్మాయ్, దేన్నీ ఒక్కింట్లోనే పెంచమాక. ఇచ్చేదేదో మంచి మనిషిని చూసి ఇచ్చెయ్. ఇచ్చినాక మాత్రం గంటగంటకీ ఫోన్ చెయ్యమాక.”

ఇప్పుడు శనివారాలు జెస్సికా పటమటలో మా అత్తయ్య దగ్గర ఉంటుంది. కాగితం రాసి ఇవ్వను. గుమ్మం దాకా వెళ్ళి దింపి, ఆవిడ అన్నం గిన్నెతో వచ్చేలోపే బండి తిప్పుకుంటాను. ఫోను డిక్కీలో పెట్టేస్తాను. అయిదింటికి తీసుకురావడానికి వెళ్ళినప్పుడే బయటికి తీస్తాను.